ఓడిపోయిన కరెంటు తిరుగు ప్రయాణం

2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ ఢిల్లీలో ఒక ప్రకటన చేసింది. విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి డేటా సెంటర్‌ను నిర్మిస్తామని, అందుకోసం అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని దాని సారాంశం. ఆ మర్నాటి నుంచే రాష్ట్రాల మధ్య మాటల యుద్ధం మొదలైంది. భూమి ఎంత ఇస్తున్నారు, నీటి మీద, విద్యుత్తు మీద రాయితీ ఎంత, చివరికి దక్కే ఉద్యోగాలు ఎన్ని అన్న ప్రశ్నల చుట్టూ చర్చ తిరిగింది. అవన్నీ అడగవలసిన ప్రశ్నలే. ఒక ప్రశ్న మాత్రం ఆ సందడిలో వినిపించలేదు. ప్రజల గ్రిడ్ నుంచి ఆ ప్రహరీ దాటి లోపలికి వెళ్లే విద్యుత్తు, లెక్కలు చేసే చిప్‌ను చేరేలోగా ఎంత వృథా అవుతుంది? ఇది ఇంజనీర్లకు మాత్రమే వదిలేయదగిన ప్రశ్న కాదు. దీని వెనుక నూట నలభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో భౌతికశాస్త్రం ఎంత ఉందో, పేటెంట్లు, లైసెన్సులు, బేరసారాలు కూడా అంతే ఉన్నాయి.

విద్యుత్తు రెండు రకాలు. ఒకే దిశలో నిలకడగా ప్రవహించేది ఏకముఖ విద్యుత్తు, వాడుకలో డీసీ. సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కీ ఊగేది ఏకాంతర విద్యుత్తు, అంటే ఏసీ. (మన ఇళ్లలో ఏసీ అన్న మాటకు చల్లగాలి అనే అర్థం స్థిరపడింది, ఇక్కడ ఆ అర్థం కాదు.) సోలార్ పలక ఇచ్చేది డీసీ, బ్యాటరీలో నిలవ ఉండేది డీసీ, కంప్యూటర్ చిప్‌కు కావలసిందీ డీసీనే, అదీ ఒక వోల్టు దరిదాపుల్లో. గ్రిడ్ ఇచ్చేది మాత్రం ఏసీ. అందువల్ల సంప్రదాయ డేటా సెంటర్‌లో విచిత్రమైన తతంగం నడుస్తుంది. గ్రిడ్ నుంచి వచ్చిన ఏసీ వోల్టేజీని ముందు ట్రాన్స్‌ఫార్మర్ తగ్గిస్తుంది. యూపీఎస్ దాన్ని బ్యాటరీ కోసం డీసీగా మారుస్తుంది. ఆ వెంటనే మళ్లీ ఏసీగా మార్చి సర్వర్ల వైపు పంపుతుంది. సర్వర్‌లోని పవర్ సప్లై ఆ ఏసీని తిరిగి సుమారు 380 వోల్టుల డీసీగా మార్చి, అక్కడి నుంచి 12 వోల్టులకు దించుతుంది. బోర్డు మీద మరో మెట్టు. ఒక్కో మెట్టులో నూటికి అయిదు వంతులు పోతాయనుకుంటే, నాలుగు మెట్లు దిగేసరికి 100 యూనిట్లలో 81 మిగులుతాయి. పోయిన 19 యూనిట్లు వేడిగా మారి ఆ భవనంలోనే తిష్ట వేస్తాయి. ఆ వేడిని బయటికి తోలడానికి మళ్లీ కరెంటు ఖర్చు చేయాలి.

ఈ మెట్లన్నీ ఎందుకు వచ్చాయో తెలియాలంటే న్యూయార్క్‌కు వెళ్లాలి. 1882 సెప్టెంబరు 4న థామస్ ఎడిసన్ పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి కింది మాన్‌హటన్ వీధులకు ఇచ్చిన విద్యుత్తు డీసీ, 110 వోల్టులది. దీపాలు బాగానే వెలిగాయి. కానీ అంత తక్కువ వోల్టేజీతో విద్యుత్తును ఒకటి రెండు కిలోమీటర్లు దాటించడం గగనం. తీగలో పోయే నష్టం ప్రవాహపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజీ రెట్టింపు చేస్తే అదే శక్తిని మోయడానికి సగం ప్రవాహం చాలు, నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ రోజుల్లో వోల్టేజీని సులువుగా పెంచి, గమ్యంలో మళ్లీ తగ్గించగల సాధనం ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. అది ఏసీతోనే పని చేస్తుంది. 1886లో విలియం స్టాన్లీ గ్రేట్ బారింగ్టన్‌లో దాన్ని నిరూపించి చూపాడు. జార్జ్ వెస్టింగ్‌హౌస్ డబ్బు పెట్టాడు. నికొలా టెస్లా మోటారు పేటెంట్లు 1888లో వచ్చాయి. ఎడిసన్ పక్షం ఏసీని మృత్యువుగా చిత్రించడానికి జంతువుల మీద ప్రయోగాలు చేయించింది; 1890 ఆగస్టు 6న ఆబర్న్ జైలులో తొలి విద్యుత్ కుర్చీ మరణశిక్షకు వాడింది ఏసీనే. ఆ ప్రచారం ఫలించలేదు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శన దీపాలు ఏసీతో వెలిగాయి, 1896లో నయాగరా విద్యుత్తు బఫెలో నగరాన్ని చేరింది. డీసీ ఓడిపోయింది. ఓడినా వెంటనే పోలేదు. న్యూయార్క్‌లో చివరి డీసీ సరఫరాను నిలిపివేసింది 2007 నవంబరు 14న. ఒకసారి పాతిన తీగ ఎంతకాలం పెత్తనం చేస్తుందో చెప్పడానికి ఈ 125 ఏళ్లు చాలు.

భారతదేశంలో ఈ పోటీకి సామ్రాజ్యపు రంగు కూడా అంటింది. కలకత్తాలో 1899 ఏప్రిల్ 17న ఇమామ్‌బాగ్ లేన్ కేంద్రం నుంచి మొదలైన సరఫరా డీసీ. దాని కోసం తెప్పించిన డీసీ ఫ్యాన్లు నగరం నడిబొడ్డున దశాబ్దాల తరబడి తిరిగాయి. దక్షిణాన మైసూరు సంస్థానం వేరే దారి పట్టింది. 1902లో శివనసముద్రం జలవిద్యుత్తు సుమారు 147 కిలోమీటర్ల దూరంలోని కోలార్ బంగారు గనులకు ఏసీ రూపంలో చేరింది. అప్పటికి అది ప్రపంచంలోనే సుదీర్ఘమైన విద్యుత్ లైన్లలో ఒకటి. గనుల కంపెనీకి కావలసింది చౌక శక్తి, సంస్థానానికి కావలసింది రాబడి. బెంగళూరు వీధి దీపాలు ఆ తర్వాత మూడేళ్లకు గానీ వెలగలేదు. మొదటి భారీ వినియోగదారుడి అవసరమే వ్యవస్థ రూపాన్ని నిర్ణయించడం, పౌరుడి వంతు తర్వాత రావడం అప్పుడే మొదలైంది.

బొంబాయి సంగతి ఇంకా స్పష్టం. 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లా దాకా నడిచిన దేశపు తొలి ఎలక్ట్రిక్ రైలు 1,500 వోల్టుల డీసీ మీద నడిచింది. నాటి సాంకేతికతకు అది సరైన ఎంపికే. తర్వాత దేశమంతా 25,000 వోల్టుల ఏసీ ప్రమాణమైంది, బొంబాయి లోకల్ మాత్రం డీసీ మీదే ఉండిపోయింది. రోజూ లక్షల మంది ఎక్కే రైళ్లను ఆపకుండా ఆ మార్పు చేయడం ఎంత కష్టమంటే, హార్బర్ మార్గంలో చివరి డీసీ లోకల్ 2016 ఏప్రిల్‌లో గానీ ఆగలేదు. తొంభై ఒక్క ఏళ్లు! ఇక్కడ డీసీని వదిలించుకుంటే కరెంటు ఆదా అయింది. డేటా సెంటర్‌లో డీసీని తెచ్చుకుంటే ఆదా అంటున్నారు. ఇందులో వైరుధ్యం లేదు. రెండు చోట్లా నష్టాన్ని తేల్చేవి వోల్టేజీ ఎంత, మార్పిళ్లు ఎన్ని అన్నవే. ఏ కరెంటు గొప్పది అన్న వాదం ఎడిసన్ కాలపు ప్రచారానికే తగినది.

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో డీసీ వెనుక తలుపు నుంచి తిరిగొచ్చింది. అధిక వోల్టేజీలో ఏసీని డీసీగా, డీసీని ఏసీగా మార్చే సాధనాలు రావడంతో, స్వీడన్ 1954లో గోట్లాండ్ ద్వీపానికి సముద్రం అడుగున డీసీ కేబుల్ వేసింది. మన దేశంలో 1989లో వింధ్యాచల్‌లో తొలి డీసీ అనుసంధాన కేంద్రం పని మొదలుపెట్టింది. రిహంద్–దాద్రీ లైను ఆ వెంటే వచ్చింది. 1999, 2005 సంవత్సరాల్లో విశాఖ గాజువాకలో 500 మెగావాట్ల చొప్పున రెండు విభాగాలు వచ్చాయి. తూర్పు గ్రిడ్ నుంచి ఒడిశాలోని జయపురం మీదుగా వచ్చిన ఏసీని డీసీగా మార్చి, అదే ఆవరణలో మళ్లీ ఏసీగా మార్చి దక్షిణ గ్రిడ్‌కు అందించే కేంద్రమిది. చూడటానికి వృథా శ్రమలా కనిపిస్తుంది. 2012 జూలై 31న దాని అర్థం దేశానికి తెలిసింది. ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కుప్పకూలి 60 కోట్లకు పైగా జనాభా ఉన్న ప్రాంతం చీకట్లో మునిగినప్పుడు దక్షిణాది నిలబడింది. దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో డీసీ వంతెనల ద్వారానే కలిసి ఉంది, ఏసీ ఊపులో వచ్చిన కుదుపు ఆ వంతెన దాటలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో దక్షిణం కూడా దేశపు ఏసీ లయలో చేరింది. జాతీయ గ్రిడ్ గురించి ప్రభుత్వాలు గర్వంగా చెప్పుకుంటాయి, గర్వించదగినదే. ఆ రోజు దక్షిణాదిని కాపాడిన డీసీ గురించి మాత్రం ఎవరూ చెప్పరు.

డేటా సెంటర్‌కు ఇంకా దగ్గరి పూర్వీకుడు మరొకటి ఉంది: టెలిఫోన్ ఎక్స్ఛేంజి. కరెంటు పోయి ఊరంతా చీకటైన రాత్రుల్లో కూడా ఇంట్లో ల్యాండ్‌లైన్ మోగేది. ఎక్స్ఛేంజిలో గది నిండా సీసపు బ్యాటరీలు ఉండేవి. ఒక్కొక్కటి 2 వోల్టుల ఘటాలు ఇరవై నాలుగు వరుసగా కలిపితే 48 వోల్టులు. పరికరాలన్నీ నేరుగా ఆ బ్యాటరీ మీదే నడిచేవి. గ్రిడ్ పని బ్యాటరీని నింపడం వరకే. మధ్యలో యూపీఎస్ లేదు, రెండోసారి ఏసీగా మార్చడం లేదు. తపాలా తంతి శాఖ ఉద్యోగులు అతి సాధారణంగా నడిపిన ఈ ఏర్పాటునే నేటి ఇంజనీర్లు కొత్త ఆవిష్కరణలా వివరిస్తున్నారు. కంప్యూటర్ మాత్రం ఈ వంశంలో పుట్టలేదు. అది ఆఫీసు గోడకున్న ప్లగ్గు నుంచి కరెంటు తీసుకునే యంత్రంగా పెరిగింది. డేటా సెంటర్ అంటే అలాంటి ప్లగ్గు యంత్రాలు వేలల్లో చేరిన గిడ్డంగి అయింది.

ఈ శతాబ్దం మొదట్లో ఆ గిడ్డంగుల బిల్లు మీద ప్రభుత్వాల దృష్టి పడింది. అమెరికా డేటా సెంటర్లు 2006లో 6,100 కోట్ల యూనిట్లు, అంటే ఆ దేశ వినియోగంలో ఒకటిన్నర శాతం వాడాయని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ మరుసటి ఏడాది కాంగ్రెస్‌కు నివేదించింది. అదే 2006లో లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల కాలిఫోర్నియాలోని నూవార్క్‌లో, సన్ మైక్రోసిస్టమ్స్ ఆవరణలో, ఒక ప్రదర్శన నిర్వహించింది. రాష్ట్ర ఇంధన కమిషన్ నిధులిచ్చింది. భవనంలోకి వచ్చిన ఏసీని ఒకే ఒక్కసారి 380 వోల్టుల డీసీగా మార్చి, నేరుగా సర్వర్లకు ఇచ్చారు. ఆ సంఖ్య గాలిలోంచి పుట్టలేదు. సర్వర్ పవర్ సప్లై లోపల ఎలాగూ ఉండే వోల్టేజీయే అది. అప్పటి సాధారణ ఏసీ వ్యవస్థతో పోలిస్తే 28 శాతం, అత్యుత్తమ ఏసీ వ్యవస్థతో పోలిస్తే 7 శాతం మేలు అని ఫలితం వచ్చింది.

పత్రికల శీర్షికల్లోకి ఎక్కింది 28. నిజానికి చర్చించవలసింది 7. యూపీఎస్ తయారీదారులు వెంటనే ప్రతివాదం అందుకున్నారు: కొత్త తరం ఏసీ పరికరాలతో పోలిస్తే తేడా ఒక శాతం దగ్గరే ఆగిపోతుందని. వారి వ్యాపార ప్రయోజనం వారిది, అయినా ఆ వాదనలో పస ఉంది. పైగా అమెరికా లెక్కను భారతదేశానికి యథాతథంగా దించుకోకూడదు. అక్కడి భవనాల్లో 480 వోల్టులను 208కి తగ్గించే అదనపు ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. మన 415/230 వోల్టుల వ్యవస్థలో ఆ మెట్టు అవసరమే లేదు. కాబట్టి ఇక్కడ డీసీ వల్ల కలిగే లాభం మొదటి నుంచీ కొంత తక్కువే. డీసీని మంత్రదండంలా అమ్మేవారు ఈ మాట చెప్పరు.

మరి ఏడు శాతమైనా, మూడు శాతమైనా, లాభం లాభమే కదా, పదిహేనేళ్ల పాటు అది ఎందుకు అమలు కాలేదు? సాంకేతికమైన కారణం ఒకటుంది. ఏసీ ప్రవాహం సెకనుకు 100 సార్లు సున్నాను తాకుతుంది. స్విచ్చు తెరిచినప్పుడు పుట్టే నిప్పురవ్వ అక్కడ ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు. రవ్వ సాగి మంటవుతుంది. అందువల్ల బ్రేకర్లు, ప్లగ్గులు, కనెక్టర్లు అన్నీ వేరుగా తయారు కావాలి, పని వారికి వేరే శిక్షణ కావాలి. ఇది దాటగలిగిన అడ్డంకే. 2012లో జ్యూరిక్ దగ్గర ఏబీబీ సంస్థ గ్రీన్.సీహెచ్ కోసం ఒక మెగావాట్ డీసీ డేటా సెంటర్ కట్టి, పది శాతం ఆదా అని ప్రకటించింది. జపాన్‌లో ఎన్‌టీటీ కుటుంబ సంస్థలు అదే బాట పట్టాయి. అవి టెలిఫోన్ సంస్థలు కావడం యాదృచ్ఛికం కాదు.

అసలు అడ్డంకి యాజమాన్యంలో ఉంది. అద్దె డేటా సెంటర్‌లో భవనం ఒకరిది, సర్వర్లు ఇంకొకరివి, కరెంటు బిల్లు చివరికి అద్దెదారుది. డీసీ కావాలంటే ఇద్దరూ ఒకేసారి మారాలి. ముందు మారినవాడికి ఖర్చు, లాభం పక్కవాడికి. భవనమూ సర్వరూ రెండూ తమవే అయిన సంస్థలకు ఈ చిక్కు లేదు. ఫేస్‌బుక్ 2011లో ఓరెగాన్‌లోని ప్రైన్‌విల్‌లో కేంద్రీయ యూపీఎస్‌ను తీసేసి, 277 వోల్టుల ఏసీని నేరుగా సర్వర్లకు ఇచ్చి, పక్కన 48 వోల్టుల బ్యాటరీ బీరువాలు పెట్టింది. గూగుల్ 2016లో తన 48 వోల్టుల ర్యాక్ నమూనాను బయటి ప్రపంచంతో పంచుకుంది. ఎక్స్ఛేంజి బ్యాటరీ గది ఇలా కొత్త పేరుతో సర్వర్ బీరువాలోకి వచ్చి చేరింది.

ఈలోగా దక్షిణాసియా పల్లెల్లో డీసీకి వేరే జీవితం నడిచింది. బంగ్లాదేశ్‌లో 2003లో మొదలైన కార్యక్రమం కింద 40 లక్షలకు పైగా ఇళ్లకు సోలార్ పలక, బ్యాటరీ, 12 వోల్టుల దీపం చేరాయి. గ్రిడ్ తీగ రాగానే వాటిలో చాలా వాటిని జనం అటక ఎక్కించారు. మద్రాసు ఐఐటీలో ఆచార్య అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం 48 వోల్టుల డీసీతో ఫ్యాన్లు, దీపాలు నడిపే పద్ధతిని రూపొందించి రాజస్థాన్ ఎడారి పల్లెల్లో వేల ఇళ్లకు చేర్చింది. భారతీయ ప్రమాణాల సంస్థ 2017లో ఇంటి 48 వోల్టుల డీసీకి మార్గదర్శకాలు కూడా తెచ్చింది. పేదవాడి గుడిసెకు ప్రమాణం రాసిన దేశం అదే చొరవను సర్వర్ గది విషయంలో చూపలేదు.

కృత్రిమ మేధ రాకతో ఆ ఖాళీని ఒక చిప్ కంపెనీ పూరించింది. 2025 మేలో ఎన్విడియా తన రాబోయే ర్యాక్‌లకు 800 వోల్టుల డీసీ వ్యవస్థను ప్రకటించింది. 2027 నుంచి అమలు. కారణం సరళం. ఒక్క బీరువా మెగావాట్ విద్యుత్తు తాగే రోజులు వస్తున్నాయి. ఇప్పటి 54 వోల్టులతో అంత శక్తి ఇవ్వాలంటే సుమారు 18,500 ఆంపియర్లు కావాలి. ఒక్క బీరువాకే 200 కిలోల రాగి పట్టీలు పడతాయని ఆ సంస్థ లెక్క. 800 వోల్టులైతే 1,250 ఆంపియర్లు చాలు. మొత్తం మీద 5 శాతం వరకు విద్యుత్తు ఆదా అని ఆ సంస్థ చెబుతోంది. అమ్మేవాడి మాట కాబట్టి కొంత తరుగు తీసి వినాలి. అయినా అంచనా కోసం ఒక లెక్క వేయవచ్చు. ఒక గిగావాట్ కేంద్రం ఏడాది పొడవునా పూర్తి భారంతో నడిస్తే 876 కోట్ల యూనిట్లు వాడుతుంది. అందులో 5 శాతం దాదాపు 44 కోట్ల యూనిట్లు. 2023–24లో మన తలసరి వినియోగం 1,395 యూనిట్లు. అంటే మూడు లక్షల మందికి పైగా పౌరుల ఏడాది వాటా.

కంపెనీ తన బిల్లు తానే కడుతుంది కాబట్టి పొదుపు కూడా తానే చూసుకుంటుందన్నది వ్యాపార వర్గాల సమాధానం. కరెంటు పూర్తి ధరకు అమ్మినంత వరకు అది నిజం. రాయితీ పెరిగేకొద్దీ ఆ సమాధానం బలం తగ్గుతుంది. చౌకగా దొరికే యూనిట్‌ను పొదుపు చేయడానికి ఎవరూ కొత్త బ్రేకర్లు కొనరు. 2022 కేంద్ర బడ్జెట్ డేటా సెంటర్లకు మౌలిక వసతుల హోదా ఇచ్చింది, దానితో చౌక రుణాల దారి తెరుచుకుంది. హోదా ఇచ్చిన చేతికి షరతు పెట్టే అధికారం కూడా ఉంటుంది.

ఆ షరతు దేన్ని కొలవాలన్నదీ చిన్న విషయం కాదు. ప్రపంచమంతటా వాడే కొలమానం పీయూఈ: భవనం మొత్తం వాడిన విద్యుత్తును, సర్వర్లు వాడిన విద్యుత్తుతో భాగిస్తే వచ్చే సంఖ్య. ఒకటికి ఎంత దగ్గరైతే అంత మెరుగు అంటారు. కానీ సర్వర్ లోపలి పవర్ సప్లైలో వృథా అయ్యేది ఈ లెక్కలో ‘సర్వర్ వాడకం’ కిందే జమ అవుతుంది. డీసీ పద్ధతిలో ఆ మార్పిడి సర్వర్ నుంచి బయటికి, భవనం ఖాతాలోకి వస్తుంది. ఫలితంగా నిజంగా విద్యుత్తు ఆదా చేసిన కేంద్రం కాగితం మీద అధ్వానంగా కనిపించవచ్చు, వృథా చేసేది మెరుగ్గా కనిపించవచ్చు. ఒప్పందంలో పీయూఈ సంఖ్య ఒక్కటి రాయించుకుని తృప్తి పడే ప్రభుత్వం ప్రహరీ దగ్గర మీటరు చదివి వెనక్కి వచ్చేసినట్టే. గేటు దగ్గర కొలిచిన యూనిట్లలో చిప్ బోర్డును చేరినవి ఎన్ని అని అడిగే హక్కు, ఆ అంకెను ఏటా బహిరంగం చేయించే హక్కు ఒప్పందపు సంతకానికి ముందే ఉంటాయి. భవనాలు లేచి, రాగి పట్టీలు బిగించాక ఆ మార్పు ఎంత కాలం పడుతుందో కుర్లా మార్గంలో ప్రయాణించిన మూడు తరాలకు తెలుసు.